సూది, దారం, మూడు నిమిషాలు

"మా ఆవిడా? ఆవిడ చేసేదేముందండీ, లోపల కూర్చుని ఊరికే ముక్కలు అతికిస్తుంటుంది."

ముందు గదిలో భర్త ఈ మాట అన్నప్పుడు ఆమె వెనక గదిలో, కంప్యూటరు తెర మీద ఎవరో పెళ్లికూతురి ముఖం దగ్గర ఆగి ఉంది. ఆ పిల్ల నవ్వు అప్పుడే సగానికి వచ్చింది. అక్కడే కత్తిరించాలా, పూర్తిగా నవ్వనివ్వాలా అని ఆమె పావుగంట నుంచి తర్జనభర్జన పడుతోంది. పూర్తిగా నవ్వనిస్తే అది మామూలు పెళ్లి. సగంలో వదిలేసి పక్కన నిలబడ్డ తల్లి ముఖం మీదికి వెళితే, చూసేవాళ్లకి తమ ఇంటి పెళ్లి గుర్తొస్తుంది. పక్కన వంటింట్లో కుక్కర్ రెండో కూత వేసింది. మూడోది వేసేలోపు తేల్చుకోవాలి.

ముందు గదిలో కూర్చున్నది కిందటి నెల కూతురి పెళ్లి చేసిన తండ్రి. వీడియో చూసి ఇంటిల్లిపాదీ ఏడ్చామని, ఆ చేతికి దండం పెట్టాలని పనిగట్టుకుని వచ్చాడు. పెట్టాడు కూడా, భర్త చేతికి. పోతూ పోతూ "ఆవిడ కూడా మీకు సాయం చేస్తారా?" అని మర్యాదకి అడిగాడు. దానికి వచ్చిన జవాబే అది. భర్త మాటలో ఏ కల్మషమూ లేదు. చెంబులో నీళ్లున్నాయి అన్నంత మామూలుగా అన్నాడు. వెక్కిరించి ఉంటే ఎదురు చెప్పేదే. మామూలుగా అన్న మాటకి ఎలా ఎదురు చెప్పాలో పదిహేడేళ్లలో ఆమెకి తెలిసిరాలేదు.

ఇంటి ముందు గది స్టూడియో. గుమ్మం మీద బోర్డు. ఫొటోలు, వీడియోలు, ఎడిటింగ్ అని మూడు పనులు, కింద పెద్ద అక్షరాల్లో భర్త పేరు. ఒకప్పుడు సామాన్లు పడేసిన వెనక గదిలో, వంటింటి గోడకి ఆనించి కంప్యూటరు. కాపురానికి వచ్చిన కొత్తలో "ఇక్కడ కత్తిరించు, ఇక్కడ అతికించు, ఎవరైనా తింటుంటే తీసెయ్, ఖాళీగా నిలబడ్డ మొహాలు తీసెయ్" అని అతనే నేర్పాడు. ఆ నాలుగు మాటలు నేర్చుకోవడానికి వారం పట్టింది. మిగతాదంతా ఆమె ఎవరినీ అడగకుండా నేర్చుకుంది. ఏది కెమెరా కోసం నవ్విన నవ్వో, ఏది తెలియకుండా జారిన నవ్వో ఒక్క చూపులో చెప్పేది. పెళ్లికూతురి తమ్ముడి కళ్లు చెమర్చిన సంగతి తెలియాలంటే అంతకు ముందు వాడు ఎవరినో ఆటపట్టిస్తుండగా చూపించాలని కనిపెట్టింది. భర్త నాలుగైదు గంటల వీడియో సరుకు తెచ్చి బల్ల మీద పడేసి, స్నానం చేసి పడుకునేవాడు. ఫైలు తయారయ్యేలోపు ఆమె కూర తరిగేది, కూర ఉడికేలోపు ఇంకో పెళ్లి మొదలుపెట్టేది. "కూర్చుని చేసే పనేగా, మేం నిలబడి చేశాం" అనేది అత్తగారు. అదీ నిజమే. అందుకే నడుం నొప్పి అన్న మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు.

ఆ ఏడాది దగ్గర్లోని ప్రభుత్వ కాలేజీవాళ్లు తమ వార్షికోత్సవం వీడియో చేయించుకున్నారు. "ఉపన్యాసాలన్నీ అర నిమిషానికి కోసెయ్, ఎవడూ చూడడు" అన్నాడు భర్త. ప్రిన్సిపాల్‌ని కోసింది. ముఖ్య అతిథిని కోసింది. ఆ తర్వాత పొట్టి జుట్టు, నూలు చీర, మైకు ఎత్తు సరిచేసుకోకుండానే మాట్లాడేస్తున్న ఒకావిడ వచ్చింది. మీడియా, సినిమా చదువు చెప్పే మేడమ్‌ట. "మా కోర్సుకి వయసుతో పని లేదు. చూడ్డం వచ్చినవాళ్లు చాలు. చూడ్డం వచ్చి కూడా రాదనుకునేవాళ్లయితే మరీ మంచిది" అంటోంది. ఆమె ఆ ముక్కని వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. నాలుగోసారి వింటుంటే అత్తగారు తలుపు దగ్గరికి వచ్చి "ఏంటమ్మాయ్, ఆవిడ చెప్పిందే చెబుతోంది?" అంది.

"టేపు అరిగిపోయిందత్తయ్యా" అని అబద్ధమాడి, ఆ ఉపన్యాసాన్ని మాత్రం కోయకుండా వదిలేసింది.

రెండు వారాల తర్వాత, మార్కెట్టుకని చెప్పి, కూరగాయల సంచీతోనే కాలేజీలో ఆ మేడమ్ ఎదురుగా కూర్చుంది.

"ఇంతకు ముందు ఏం చేసేవారు?"

"ఏమీ లేదండీ. ఇంట్లోనే."

"ఇంట్లో ఏం చేస్తారు?"

"వంట... పాపని చూసుకోవడం... అత్తగారు... ఇంకా పెళ్లి వీడియోలు అతికిస్తానండీ."

మేడమ్ కలం ఆపింది. "ఎన్ని అతికించి ఉంటారు?"

"పదిహేడేళ్లయిందండీ. ఎన్నో నాకూ తెలీదు."

మేడమ్‌కి ఆమెకన్నా పదేళ్లు చిన్న వయసుంటుంది.  ఆవిడ దరఖాస్తులో 'అనుభవం' అన్న చోట తన చేత్తో తనే 'ఎడిటర్, పదిహేడేళ్లు' అని రాసి, కాగితం ఇటు తిప్పి చూపించింది. ఆ మాట ఆమెకి కొత్తది కాదు. ఇంటి గుమ్మం మీద రోజూ కనిపించే మాటే. కాకపోతే కింద వేరే పేరుండేది. సంచీ ఒళ్లో పెట్టుకుని ఆ రెండు మాటలూ ఎంతసేపు చూసిందో, మేడమ్ నవ్వి "సంతకం పెట్టాలి మీరు" అని గుర్తు చేయాల్సి వచ్చింది.

ఇంట్లో చెప్పిన రోజు పిడుగు పడుతుందనుకుంది. పడలేదు. భర్త నవ్వాడు. "ఇప్పుడు కాలేజీ ఏంటోయ్? నేర్చుకోవడానికి ఇంకేం మిగిలింది? అంతా నా దగ్గర నేర్చుకున్నావుగా!" పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా అని తెలిశాక నవ్వు తగ్గింది. "మరి పని?" అన్నాడు. "మధ్యాహ్నం చేస్తాను." "పెళ్లిళ్ల నెలల్లో?" "అప్పుడూ మధ్యాహ్నమే." అత్తగారు "పొద్దున నా మందులెవరిస్తారు?" అంది. పదో తరగతి చదివే కూతురు "నేనిస్తాలే నానమ్మా. అమ్మా, నువ్విప్పుడు ఫస్టియరా? అయితే కాలేజీలో నాకు సీనియర్‌వి, ర్యాగింగ్ చెయ్యకు" అని గెంతులేసింది. భర్త చివరికి "సరే, నెల్రోజుల ముచ్చట, తీరనీ" అన్నాడు. తన చదువుకి దొరికిన ఆశీర్వాదం అదే అనుకుని ఆమె సర్దుకుంది.

మొదటి రోజు తరగతిలో అడుగు పెట్టగానే ఇరవై రెండు మంది పిల్లలు మేడమ్ అనుకుని లేచి నిలబడ్డారు. ఆమె గాభరాపడి, ఎవరి కోసం లేచారోనని వెనక్కి తిరిగి చూసింది. నిజం తెలిశాక అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. మధ్యాహ్నానికల్లా 'అక్క' అయిపోయింది.

అసలు కష్టం మూడో రోజు వచ్చింది. మేడమ్ ఒక్కొక్కరి చేతిలో కెమెరా పెట్టి, కిటికీ బయట ఏది కనిపిస్తే అది తీయమంది. ఆమె వంతు వచ్చింది. కెమెరా బరువు చేతుల్లో పడగానే వేళ్లు చల్లబడిపోయాయి. ఇంట్లో కెమెరాల సంచీలు దులిపేది, పట్టీలు ఉతికేది, బ్యాటరీలు చార్జింగ్‌కి పెట్టేది. కెమెరా మీద చెయ్యి పడబోతే మాత్రం "ముట్టుకోకు, పడేస్తావు" అని పక్క గదిలోంచి వినిపించేది. వేల గంటల బొమ్మల్ని కోసి కుట్టిన మనిషికి, రికార్డు మీట ఎక్కడుందో తెలియలేదు. పక్కనున్న అమ్మాయి చిన్నగా చూపించింది. నొక్కింది. ఎర్ర చుక్క వెలిగింది. కిటికీ బయట ఊడ్చే మనిషి చీపురు గోడకి ఆనించి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశం వైపు చూస్తోంది. 'ఖాళీగా నిలబడ్డ మొహాలు తీసెయ్' అన్న మాట చెవిలో మోగింది. తీసెయ్యలేదు. ఆ మనిషి మళ్లీ చీపురు అందుకునేదాకా అలాగే పట్టుకుని నిలబడింది. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో కళ్లనీళ్లు ఎందుకొచ్చాయో ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది.

నెల తిరిగేసరికి మొదటి అభ్యాసం ఇచ్చారు. ఒకటే షాటు, మూడు నిమిషాలు. మధ్యలో కట్ చేయకూడదు, సంగీతం వేయకూడదు. ఇంట్లో రోజూ జరిగేది, మనం ఎప్పుడూ చూడనిది. కాలేజీ కెమెరా వారం రోజులకి ఇంటికిచ్చారు.

పిల్లలందరికీ అది తేలిక. ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది. కత్తిరించడమే తెలిసిన చేతిని కత్తిరించొద్దంటే ఎలా? గిన్నెలో నీళ్లు మరగడం తీసింది. ముప్పై సెకన్లకే విసుగేసింది. కూతురు చదువుకోవడం తీస్తే, ఆ పిల్ల జుట్టు సరిచేసుకుని, నటిలా పుస్తకంలోంచి తలెత్తి నిట్టూర్చింది. ఏది తీసినా పెళ్లి వీడియోలాగే వచ్చింది. ఐదు రోజులు గడిచాయి. ఈలోపు ఇంట్లో పనులు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. శనివారం మధ్యాహ్నం భర్త గుండీ ఊడిన చొక్కా పట్టుకుని వచ్చి "నువ్వు చదువుల తల్లివైపోయావు, నా చొక్కాలకి దిక్కు లేకుండా పోయింది" అన్నాడు. ఆమె లేవబోయింది.

"ఇటు తే, నేను కుడతాను" అంది అత్తగారు.

"నీకు కనపడదమ్మా."

"ఇటు తెమ్మన్నానా!"

భర్త చొక్కా ఇచ్చి స్టూడియోలోకి వెళ్లిపోయాడు. అత్తగారు కిటికీ దగ్గర కుర్చీ లాక్కుని, కళ్లజోడు తుడుచుకుని, సూది వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. ఆ ఎత్తడంలో ఏముందో ఏమో, ఆమె చెయ్యి దానంతటదే కెమెరా అందుకుంది.

"తీస్తున్నావా?"

"తియ్యనా అత్తయ్యా?"

"తియ్యి. నన్నెవరు చూస్తార్లే."

దారం కొస పెదవుల మధ్య తడిపి, వేళ్లతో నలిపి, సూది బెజ్జం వైపు తెచ్చింది ముసలావిడ. పక్కనుంచి పోయింది. మళ్లీ తెచ్చింది. మళ్లీ పోయింది. కొస చీలింది. పంటితో కొరికి, మళ్లీ తడిపింది. నిమిషం గడిచింది. సూది పట్టుకున్న చెయ్యి సన్నగా వణుకుతోంది, ఆ వణుకు ఆపడానికి మోచెయ్యి పొట్టకి ఆనించుకుంది. దారం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఊపిరి బిగపడుతోంది, తప్పినప్పుడల్లా వదులుతోంది. కెమెరా వెనక ఆమె కూడా అలాగే బిగపట్టి వదులుతోంది. రెండో నిమిషంలో ఇక ఆగలేక లేవబోయింది. రెండడుగులు వేస్తే చాలు, ఒక్క క్షణంలో ఎక్కించి ఇచ్చేస్తుంది. పదిహేడేళ్లుగా ఈ ఇంట్లో ఎవరికి ఏది అందకపోయినా లేచి అందించిన కాళ్లు అవి. సగం లేచింది కూడా. అప్పుడు అత్తగారి నుదుటి మీద ముడి కనిపించింది. అది కష్టం ముడి కాదు, పంతం ముడి. ఆమె మళ్లీ కూర్చుంది.

ఎన్నోసారో తెలియదు, దారం బెజ్జంలోంచి అటు వెళ్లి తొంగి చూసింది. ముసలావిడ దాన్ని గోటితో పట్టి మెల్లిగా లాగి, కెమెరా వైపు కాదు, కెమెరా వెనకున్న మనిషి వైపు చూసింది.

"ఎక్కింది" అంది.

ఎర్ర చుక్క ఆరిపోయింది. అత్తగారు గుండీ చొక్కా మీద పెట్టి మొదటి కుట్టు వేసింది.

"లేచి వచ్చి లాక్కుంటావనుకున్నా. రాకుండా మంచి పని చేశావు. ఈమధ్య నా చేతిలోంచి అందరూ అన్నీ లాక్కుంటున్నారు. మంచికేలే. కొత్తలో నేనూ నీ చేతిలోంచి అలాగే లాక్కుని ఉంటాను." రెండో కుట్టు వేసింది. "వాడి మొదటి కెమెరా ఎక్కడిదో తెలుసా? నా కుట్టుమిషను. జాకెట్లు, గౌన్లు, బడి పిల్లల యూనిఫారాలు, ఎన్ని కుట్టానో. మీ మావయ్య ఎవరైనా అడిగితే ఊరికే కాలక్షేపానికి కుడుతుందనేవారు. వాడు కెమెరా కావాలంటే మిషను అమ్మేశాం. మళ్లీ కొనిస్తానన్నాడు. మర్చిపోయాడు. నేనూ మర్చిపోయాననుకున్నా." దారం తెంపింది. "నడుం నొప్పి నీకు కూడా ఉంటుంది కదూ?"

 ఆమె వెళ్లి అత్తగారి మోకాలి దగ్గర కూర్చుంది. ముసలావిడ సూది జాగ్రత్తగా పక్కన గుచ్చి, ఆ చేతినే కోడలి తల మీద వేసింది.

మర్నాడు మధ్యాహ్నం భర్త వెనక గదిలోకి వచ్చేసరికి తెర మీద తన తల్లి ఉంది. "ఏంటిది?" అంటూ నిలబడ్డవాడు నిలబడ్డట్టే చూశాడు. 'ఎక్కింది' అన్న మాట దగ్గర ముక్కు ఎగబీల్చాడు. పక్కనున్న స్టూలు లాక్కుని మళ్లీ మొదటినుంచి వేయమన్నాడు. రెండోసారి చూశాక "అమ్మ ఇలా సూది పట్టుకుని ఎన్నేళ్లయిందో" అన్నాడు. ఆమెకి అతని భుజం మీద చెయ్యి వేయాలనిపించింది, వేసింది. అతనిలో తను ఇష్టపడింది ఈ మనిషినే. మంచి బొమ్మ కనపడితే నిజంగానే కరిగిపోతాడు.

ఆ తర్వాత అతను మౌస్ తన వైపు లాక్కున్నాడు. "ఇదిగో, ఇక్కడ రెండో నిమిషంలో ఊగింది. సరిచేసేద్దాం. చివర్లో వేణువు వేస్తే అదిరిపోతుంది. రేపే మన పేజీలో పెడదాం." మాట్లాడుతూనే, ప్రతి పెళ్లికీ చేసినట్టే, మూలన స్టూడియో గుర్తు తెచ్చి పెట్టాడు. అతని పేరు, పక్కన చిన్న కెమెరా బొమ్మ. తల్లి వేళ్ల కింద ఆ పేరు మెరిసింది. ఆలోచించి పెట్టలేదు. అలవాటుగా పెట్టాడు.

ఆమె మౌస్ మళ్లీ తన చేతిలోకి తీసుకుంది. ఆ గుర్తు మీద నొక్కి, తీసేసింది.

"అదేంటి?"

"ఇది స్టూడియోది కాదండీ."

"మనదేగా! మనలో మనకి నీదీ నాదీ ఏంటోయ్?"

"మనదైతే ఇన్నేళ్లలో ఒక్క పెళ్లి మీదైనా నా పేరుండేది కదండీ." గొంతు పెరగలేదు. పెరగనందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది. "ఇది ఊగితే ఊగనివ్వండి. అక్కడ నేను లేవబోయాను. అది నేనే."

అతను తెర మీద ఆగిపోయిన తల్లి ముఖం చూసి, స్టూలు వెనక్కి జరిపాడు. ఆమె మొదట్లో నల్ల తెర ఒకటి పెట్టి, ఒక్కో అక్షరం చూసుకుంటూ తన పేరు టైపు చేసింది. చిన్నప్పుడు బళ్లో పలక మీద రాసినంత నెమ్మదిగా. పూర్తయ్యాక ఇటు తిరిగి, "ఇంకో మాట. వచ్చే పెళ్లి నుంచి ఎడిటింగ్ కింద కూడా ఇదే పేరు పడుతుంది. ఇష్టం లేకపోతే వేరేవాళ్లని చూసుకోండి, నేనేమీ అనుకోను" అంది.

రెండు రోజులు ఇంట్లో మాటలు కరువయ్యాయి. అతను తలుపులు కాస్త గట్టిగా వేశాడు, పళ్లెం కాస్త దూరం జరిపాడు. మూడో రోజు పొద్దున ఆమె కాలేజీకి బయల్దేరుతుంటే అత్తగారు మంచి చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "నా సినిమాకి నన్ను తీసుకెళ్లవా?" అంది.

తరగతిలో తెర మీద సూది ఆడుతున్నంతసేపూ ఒక్క ఫోనూ మోగలేదు. దారం తప్పినప్పుడల్లా పిల్లలు 'అయ్యో' అన్నారు. ఎక్కగానే ఇరవై రెండు మందీ పందెం గెలిచినంత గోల చేశారు. ముసలావిడ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మేడమ్ ఒక్కటే అడిగింది: "రెండో నిమిషంలో కెమెరా కదిలింది. అదేంటి?"

"సాయం చేద్దామని లేవబోయానండీ."

"మరి?"

"ఆవిడకి అక్కర్లేదని కనిపించిందండీ."

"ఆ కదలిక ఎవరు తీసెయ్యమన్నా తీసెయ్యకండి" అంది మేడమ్. తర్వాత రెండో అభ్యాసం బోర్డు మీద రాసింది. ఒక మనిషి, అలవాటు లేని పని, ఐదు నిమిషాలు.

ఆ సాయంత్రం భర్త తనంతట తనే మాట కలిపాడు. "అమ్మని చూసి గోల చేశారటగా?" అన్నాడు. అసూయో ముచ్చటో అతనికే తెలియని గొంతు. తర్వాత గోడ వైపు చూస్తూ, "ఆ పేరు సంగతి... వేసుకో. టైటిల్స్‌లో వేసుకో. నాకేమీ అభ్యంతరం లేదు. అమ్మకి మిషను కూడా చూడాలి" అన్నాడు. ఆమె తల ఊపింది. థాంక్స్ చెప్పాలా అని ఒక్క క్షణం ఆలోచించి, అక్కర్లేదనుకుంది.

"రెండో దానికి మిమ్మల్ని తీద్దామనుకుంటున్నానండీ."

"నన్నా?" ముఖం విప్పారింది. ఇన్నేళ్లూ అందరినీ తీసినవాడే గానీ, అతన్ని ఎవరూ తీయలేదు. "ఎప్పుడు? ఏ చొక్కా వేసుకోను?"

"ఉన్నదే బాగుంది. ఈ ఆదివారం భోజనాలయ్యాక. వంటింట్లో."

ఆదివారం వచ్చింది. అత్తగారు, కూతురు గుమ్మంలో స్టూళ్లేసుకుని కూర్చున్నారు. ఆమె కెమెరాని స్టాండు మీద బిగించి, సింకు, అందులో పొద్దుటి నుంచి పేరుకున్న గిన్నెలు, పక్కనే కుక్కరు, అన్నీ కనిపించేలా సరిచూసుకుంది. చేతులు చల్లబడలేదు. ఎర్ర చుక్క వెలిగింది. అతను చొక్కా చేతులు మడిచి, హీరోలా మొదటి పళ్లెం అందుకుని ఇటు తిరిగి నవ్వాడు. రెండో నిమిషానికి నవ్వు తగ్గింది. మూడో నిమిషానికి చొక్కా ముందంతా తడిసింది. కుక్కరు అడుగున మాడిన పొర దగ్గర ఆగి, గోటితో గీకి, ఇంకా మిగిలిన గుట్ట వైపు చూసి, వెనక్కి తిరిగాడు. ఆ ముఖంలో నటన ఏమీ లేదు.

"ఇవి... రోజూ ఇన్నుంటాయా?"

"కెమెరా వైపు చూడకండి" అంది ఆమె మెత్తగా. "మీ పని మీరు చేసుకోండి."